ఉత్త పీట చప్పుడు

నా చిన్నప్పుడు మా ఇంట్లో అందరూ భయపడే రోజు ఒకటుండేది. అది అమావాస్య కాదు, గ్రహణమూ కాదు. వారానికోసారి మా ఊళ్లో అంగడి జరిగేది, దానికి ముందు రోజు. పోయిన అంగడిలో తెచ్చుకున్న జొన్నలు ఆ రోజుకు నిండుకునేవి. కూలి డబ్బులు మళ్లీ అంగడి నాడే చేతికొచ్చేవి. మధ్యలో ఇరుక్కుపోయిన ఆ ఒక్క రోజు మా అమ్మ ముఖం చూడాలంటేనే నాకు బుగులు పుట్టేది.

ఇప్పుడు వనపర్తిలో కొడుకు దగ్గర ఉంటున్నాను. ఈ వయసులో ఆ రోజు మళ్లీ మా ఇంటికొచ్చి కూర్చుంది. మావాడు సిమెంటు దుకాణంలో పనిచేస్తాడు. శనివారం సాయంత్రం జీతం తెచ్చి, ఇంటి కిరాయికీ పిల్లల బడికీ తీసి పక్కన పెట్టి, మిగిలింది కోడలి చేతికిస్తాడు. దాంతో వారమంతా ఐదుగురం తినాలి. ఇచ్చేది పెరగదు. నూనె పాకెట్టు ధర, కందిపప్పు ధర మాత్రం పోయిన వారం ఉన్నట్లు ఈ వారం ఉండవు. దుకాణమాయనను అడిగితే, "నేనేం జేయాలమ్మా, పైకెల్లే గట్ల వస్తున్నయ్" అంటాడు. ఆ పైన ఎవరున్నారో, వాళ్లింట్లో ఏం వండుకుంటారో, ఒకసారి పోయి చూసి రావాలని ఉంటుంది నాకు.

మా కోడలు మంచిది, గట్టిది కూడా. వారం మొదట్లో ముద్దపప్పు చేస్తుంది. రెండు రోజులు పోయాక అదే పప్పుచారు అవుతుంది. శుక్రవారం నాటికి పప్పు పోయి ఉత్త చారు మిగులుతుంది. ఆ చారుకు మాత్రం నూనె కాచి, ఆవాలు వేసి, ఎల్లిపాయ దంచి, గల్లీ చివరిదాకా వాసన పోయేటట్లు పోపు పెడుతుంది. పోపు పెట్టే ముందు వంటింటి కిటికీ తెరుస్తుంది. చింతపండు నీళ్లకు ఇంత నూనె ఎందుకే తల్లీ అని మొదట నేను కసిరాను.  ఆవాలు చిటపటలాడుతుంటే ఆమె కిటికీ వైపు చూసింది, పై వాటాలో ఉండేవాళ్ల వైపు. ఆ చూపు చూడగానే నాకు మా అవ్వ గుర్తుకొచ్చింది. ఆ తర్వాత కసరడం మానేశాను.

మా ఊరు వీపనగండ్ల దిక్కు. మాది చెలక వ్యవసాయం, వాన పడితే జొన్నా కందీ, పడకపోతే ఎండిన మట్టి. పండిన ఏడు ఇంట్లో గుమ్మి నిండేది. గుమ్మి అంటే తడికలల్లి పేడతో అలికిన గాదె, నాకన్నా ఎత్తుగా ఇంటి మూలన నిలబడి ఉండేది. నేను చెబుతున్న ఏడూ అంతకుముందేడూ వానలు మొహం చాటేశాయి. గుమ్మి అడుగు కనబడింది. మా తమ్ముడు అందులోకి దిగి దాక్కుని, నన్ను వెతకమనేవాడు. జొన్నలు పండించిన ఇల్లు అంగట్లో జొన్నలు కొనుక్కోవడమంటే మా అవ్వకు తల కొట్టేసినట్లుండేది.

అవ్వ అంటే మా నాయిన తల్లి. ఇంటికొచ్చిన మనిషిని రొట్టె తినకుండా పంపని మనిషి. నాయిన మేస్త్రీ వెంట మట్టిపనికి దూరం పోయాడు. ఎప్పుడు వస్తాడో, ఏం తెస్తాడో తెలియదు. అమ్మ ఒకరి తోటలో కూలికి పోయేది. వాళ్ల బావిలో ఇంకా కొంచెం నీళ్లుండేవి. ఆ కూలి అంగడి నాడే ఇచ్చేవాళ్లు. కూలి మారలేదు, జొన్నల ధర మాత్రం అంగడి అంగడికీ మారింది. మొదట్లో తెచ్చుకున్నవి వారానికి సరిపోయేవి. తర్వాత ఒక పూట తక్కువ పడింది, ఆ తర్వాత ఏకంగా ఒక రోజు తక్కువ పడింది. శేరు కొలిచాక చివర్లో ఇంత కొసరు పోసేవాడు కదా, అదీ మానేశాడు అమ్మేవాడు. అమ్మ కొంగు చాచి ఇంకా నిలబడి ఉంటే, "కొసరు లేదు గిసరు లేదు, జర జరుగమ్మా" అన్నాడట. ఇంటికొచ్చాక అమ్మ ఈ మాటను నవ్వుతూ చెప్పాలని చూసింది. సగంలో ఆపేసి నీళ్లకని బయటికి పోయింది.

మా దిక్కు జొన్నరొట్టెను కర్రతో ఒత్తరు. వేన్నీళ్లతో పిండి కలిపి, ముద్దను చెక్కపీట మీద పెట్టి, అరచేత్తో కొడుతూ గుండ్రంగా తిప్పుతారు. రొట్టె కాల్చిందని కాదు, రొట్టె కొట్టిందనే అంటారు. పొద్దుగూకే వేళ వాడకట్టులో నడిస్తే ఇంటింటి నుంచీ ఆ చప్పుడు వచ్చేది. ఎంతసేపు, ఎంత గట్టిగా కొడుతున్నారో వింటే చాలు, ఆ ఇంటికి చుట్టాలొచ్చిందీ, కోడలికి కోపమొచ్చిందీ కూడా తెలిసిపోయేది. చప్పుడు రాకపోతే ఆ ఇంట్లో ఎవరికో బాగా లేదని అర్థం, లేదా పిండి లేదని అర్థం. జ్వరం సంగతి ఎవరితోనైనా చెప్పుకోవచ్చు. పిండి లేదన్న సంగతి మాత్రం ప్రాణం పోయినా బయటికి పొక్కకూడదు.

ఆ కరువులో ఒక అంగడి ముందు రోజు, చీకటి పడకముందే అవ్వ పొయ్యి ముందు కూర్చుంది. ఇంట్లో పిండి లేదని నాకు తెలుసు, పొద్దుటి నుంచీ నా కడుపు చెబుతూనే ఉంది. అవ్వ రెండు కందికట్టెలు రాజేసింది, కప్పు మీంచి పొగ లేవాలి కదా. పెనం పెట్టలేదు. పీట ముందుకు లాక్కుంది, చేతులు నీళ్లలో ముంచింది, ఉత్త పీట మీద అరచేత్తో కొట్టడం మొదలుపెట్టింది. కాసేపు కొట్టి ఆగేది, రొట్టె తీసి పెనం మీద వేసినంత సేపు ఊరుకునేది, మళ్లీ కొట్టేది.

"ఏంది అవ్వా గది?" అన్నాను.

"ఆట. నువ్వు గూడ వచ్చి కూసో. ఎన్ని రొట్టెలు గావాల్నో గన్ని కొడ్దాం."

నేను కూర్చుని నా చిన్న చేతులతో కొట్టాను. నిజం చెప్పాలంటే నాకు బాగానే ఉంది. మనసుకు నచ్చినంత పెద్ద రొట్టెలు కొట్టాను, అవ్వ కూడా నవ్వింది. తర్వాత నా చెవి దగ్గరికి వంగి, "గోడవతల ఖాలా చప్పుడు ఇంటది. మన ఇంట్ల పిండి లేదని ఎవ్వలకు తెల్వొద్దు. ఇజ్జత్ పోయినంక ఇగ ఏముంటది బిడ్డా" అంది. అమ్మ గడప మీద మాకు వీపు పెట్టి కూర్చుంది. ఆమె ఇటు తిరగలేదు.

ఖాలా మా పక్కింటామె. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, ఊళ్లో పిల్లలమంతా ఆమెను అలాగే పిలిచేవాళ్లం. ఆమె భర్త ఎండుమిరపకాయలు, ఉప్పు, చింతపండు మూటలు కట్టుకుని అంగళ్లు తిరిగి అమ్మేవాడు. జొన్నలకే డబ్బుల్లేనప్పుడు మిరపకాయలు ఎవరు కొంటారు. సరుకు ఇంట్లో పడేసి ఆయన రాయచూరు దిక్కు పనికి పోయాడు. ఖాలా అక్కడక్కడ కూలి చేసుకుంటూ ఇద్దరు ఆడపిల్లలతో ఇక్కడ ఉంది. మా రెండిళ్లకూ మధ్య ఒక మొండిగోడ. ఇవతల తుమ్మినా అవతల వినబడేది. వాళ్ల పండగకు మా ఇంటికి సేమియా వచ్చేది, మా పండగకు వాళ్లింటికి భక్షాలు పోయేవి. అలాంటి ఇంటికి తెలియకూడదనే మా అవ్వ పీట కొట్టింది. తెలియనివాళ్ల ముందు పోయే పరువు గురించి ఎవరూ అంత బాధపడరు.

ఆ ఆట ఆ ఒక్క నాటితో ఆగలేదు. ప్రతి అంగడి ముందు రోజూ అవ్వ ఉత్త పీట కొట్టేది. రెండోసారికి నాకు నవ్వు రాలేదు. 

ఈలోగా మా తమ్ముడికి తట్టు పోసింది. నాలుగేళ్ల పిల్లవాడు, ఒళ్లంతా పేలి, కళ్లు తెరవలేక, చాలా రోజులు మంచానికి అతుక్కుపోయాడు. బతికి బయటపడ్డాడు కానీ ఎముకలే మిగిలాయి. ఊళ్లోకి సైకిలు మీద వచ్చే కాంపౌండరు వాడి కనురెప్ప కిందికి లాగి చూసి, "ఇగ మందుల పని అయిపోయిందమ్మా. కడుపు నిండ పెట్టు, లేకుంటే మల్ల పడిపోతడు" అని చెప్పాడు. ఏ ఇంట్లో చెబుతున్నాడో ఆయనకేం తెలుసు. అమ్మ తల ఊపింది. రోగం నుంచి లేచిన పిల్లల ఆకలి ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. వాడు నిద్రలో కూడా రొట్టె అడిగేవాడు. మా అందరికన్నా ముందు వాడికి తీసిపెట్టేది అమ్మ. అయినా అంగడి ముందు రోజుకు వాడి వంతు కూడా మిగలని వారం ఒకటి రానే వచ్చింది.

ఆ సాయంత్రం అవ్వ ఎప్పటిలాగే పొయ్యి రాజేసి పీట కొట్టడం మొదలుపెట్టింది. మంచం మీద పడుకున్న తమ్ముడు ఆ చప్పుడు విని లేచాడు. గోడ పట్టుకుని నడిచి, గూట్లో ఉన్న తన సత్తు పళ్లెం తీసుకుని, వచ్చి పొయ్యి ముందు బాసిపట్లు వేసుకుని కూర్చున్నాడు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని అవ్వ చేతుల వైపే చూస్తున్నాడు. అవ్వ చెయ్యి ఆగింది. ఆగితే గోడవతల అనుమానం వస్తుంది, కొడితే ఎదురుగా వీడున్నాడు. అవ్వ మళ్లీ కొట్టింది.

"ఇంక గాలలేదా అవ్వా?" అన్నాడు వాడు.

  ఊళ్లో ఎంతటివాడికైనా ఎదురు చెప్పే మా అవ్వ, నాలుగేళ్ల పిల్లవాడి ముందు తల వంచుకుని చెక్క మీద కొడుతూనే ఉంది.

అంతలో గోడవతల ఖాలా ఇంట్లో రొట్టెల చప్పుడు మొదలైంది. తమ్ముడు చెవులు రిక్కించాడు. వాడి ముఖం విప్పారింది. "ఖాలా ఇంట్ల అయితున్నయి. ఆడికి పోదాం" అంటూ లేచాడు. అమ్మ వాణ్ని పట్టుకుని ఒళ్లోకి లాక్కుంది. అవ్వ నా వైపు చూసి, "ఎవ్వలన్న గడప దాటిన్రో, కాళ్లిరగ్గొడ్త" అంది. గొంతులో దమ్ము లేదు. తమ్ముడు ఏడవడానికి నోరు తెరిచాడు కానీ వాడికి ఏడ్చే ఓపిక కూడా లేదు.

నాకు ఖాలా మీద పట్టరాని కోపం వచ్చింది. గోడవతల ఒక పిల్లవాడు ఎండిపోతుంటే ఇంత చప్పుడు చేసుకుంటూ రొట్టెలు తింటారా అని. తమ్ముడి చేతిలో పళ్లెం గుంజుకుని వెనక్కి పరుగెత్తాను. పశువుల కొట్టంలో పశువుల్లేవు, ఎండాకాలంలోనే అమ్మేశాం. అక్కడ గోడ కూలి ఒక మనిషి దూరేంత సందు ఉండేది. అందులోంచి ఖాలా ఇంట్లోకి దూరాను. అడగాల్సిన మాట నోట్లో సిద్ధంగా పెట్టుకున్నాను. ఒక్క రొట్టె ఇయ్యి ఖాలా, నాకొద్దు, తమ్మునికే అని.

ఖాలా పొయ్యి చల్లగా ఉంది, పొగ కూడా లేదు. ఇద్దరు పిల్లలూ ఒకే చాప మీద ముడుచుకుని పడుకుని ఉన్నారు. ఖాలా గోడకు దగ్గరగా, మా ఇంటి వైపు తిరిగి కూర్చుని, తడి చేతులతో ఉత్త పీట కొడుతోంది.

నన్ను చూసి చేతులు పీట మీదే ఆపేసింది. నేను పళ్లెం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గోడకు మా ఇంటి వైపు నుంచి మా అవ్వ చప్పుడు వినబడుతూ ఉంది. ఖాలా నా పళ్లెం చూసింది, ఆ చప్పుడు విన్నది, మళ్లీ పళ్లెం చూసింది.

"మీ అవ్వ ఏం కొడ్తుంది బేటీ?" అని నెమ్మదిగా అడిగింది.

చెప్పకూడదని నాకు తెలుసు. చెప్పేశాను. "ఏం లేదు ఖాలా. గిదే. ఉత్త పీట."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాను, నవ్వుతోందని తర్వాత తెలిసింది. నవ్వుతుంటేనే కళ్లలోంచి నీళ్లు కారాయి. "అరె అల్లా. మీ ఇంట్ల చప్పుడు ఇని నా పిల్లలు రొట్టె రొట్టె అని ఏడుస్తరు. అయితున్నయి, జర ఆగుర్రి అని నేను గిట్ల కొడ్త, ఒళ్లు అలిసి పండుకునే దాంక కొడ్త" అంది.

తర్వాత ఆమె చేసిన పని నేను మరచిపోలేదు. పిండి గిన్నె చేతిలోకి తీసుకుంది. వెనక సందులోంచి రాలేదు. వీధి తలుపు తీసి, గిన్నెను కొంగు చాటున దాచకుండా, ఖాళీ గిన్నె నలుగురికీ కనబడేటట్లు పట్టుకుని వాకిట్లోంచి నడిచింది. అరుగుల మీద మనుషులున్నారు. ఆమె ఎవరి వైపూ చూడలేదు. నేను పళ్లెంతో ఆమె వెనకే నడిచాను.

మమ్మల్ని చూసి అవ్వ పీటను గబుక్కున వెనక్కి నెట్టేసింది. అలవాటైన నోరు కదా, "రా బిడ్డా, ఇప్పుడే తిన్నం. జర ముందుగాల వచ్చుంటే ఒక రొట్టె తినిపోతుంటివి" అని కూడా అనేసింది. ఖాలా ఆమె ముందు కూర్చుని గిన్నెను నేల మీద బోర్లించింది.

"అవ్వా, మా ఇంట్ల పిండి అయిపోయింది. నిన్ననే అయిపోయింది. ఉత్త పీట కొట్టి కొట్టి చేతులు మంటలు లేస్తున్నయి" అంది.

అవ్వ నా వైపు చూసింది. నేనే చెప్పానని ఆమెకు తెలిసిపోయింది. ఇక నా వీపు చిట్లినట్లేనని కళ్లు మూసుకున్నాను. కానీ మాట అవ్వ దగ్గర నుంచి కాదు, గడప దగ్గర నుంచి వచ్చింది. "మా ఇంట్ల గూడ అయిపోయింది అక్కా" అంది అమ్మ. ఎన్ని వారాలుగా ఆ మాట నోట్లో మోసిందో, ఆ ఒక్క ముక్క చెప్పి తమ్ముడి తల మీద ముఖం పెట్టుకుంది.

మా అవ్వ ఏడుపు నేను అప్పుడే చూశాను. ఏడుస్తూ కూడా ఊరుకోలేదు. పడని వానను తిట్టింది, జొన్నలమ్మేవాణ్ని తిట్టింది, ఉత్తరం ముక్క రాయని కొడుకును తిట్టింది, పక్క గోడకు ఉండి ఇన్నాళ్లూ చెప్పనందుకు ఖాలాను తిట్టింది. తిట్లన్నీ అయ్యాక ముక్కు చీది, "ఇసుర్రాయి దులిపినవా?" అని అడిగింది.

"దులిపితే పిడికెడు గూడ రాదవ్వా. రొట్టెకు అందదని ఇడిసిపెట్టిన."

"మాది గూడ గంతే. తే పో."

ఇసుర్రాయి అంటే తిరగలి. పై రాయికీ కింది రాయికీ మధ్య, గాట్లలో, ఎప్పటిదో పిండి ఇరుక్కుని ఉంటుంది. ఒక ఇంటిది దులిపితే ముద్ద కట్టడానికి కూడా రాదు కాబట్టి ఎవరికి వాళ్లు దాని జోలికి పోలేదు. ఆ రోజు అమ్మా ఖాలా కలిసి రెండిళ్ల తిరగళ్లూ ఎత్తారు. చీపురు పుల్లలతో గాటు గాటూ గీరి బట్టలో దులిపారు. రెండూ కలిపితే ఒక రొట్టెకు సరిపడా పిండి వచ్చింది. అందులో కొంచెం రాతి పొడి కూడా ఉండే ఉంటుంది, ఎవరికి కావాలి.

అవ్వ పెనం పెట్టింది. ముద్దను పీట మీద పెట్టి కొట్టింది. పిండి ఉన్న పీట చప్పుడు వేరు, మెత్తగా, బరువుగా ఉంటుంది. ఉత్త పీట ఠక్కుమంటుంది. అన్నాళ్లూ ఖాలా చప్పుడు విన్నాను కదా, ఆ తేడా నా చెవికి ఎందుకు అందలేదో నాకిప్పటికీ ఆశ్చర్యమే. అంతకన్నా ఆశ్చర్యం, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ రొట్టెలు కొట్టిన మా అవ్వకు అందకపోవడం. ఆమె ధ్యాసంతా తన చప్పుడు బయటికి సరిగ్గా పోతోందా లేదా అన్నదాని మీదే ఉండేది.

ఆ రొట్టెను పిల్లలం నలుగురం తిన్నాం. తమ్ముడికి పెద్ద ముక్క వచ్చింది. ఖాలా ఇంట్లో అమ్ముడుపోని మిరపకాయలు మూటలకొద్దీ ఉన్నాయి. వాటిని ఉప్పు, చింతపండుతో నూరి పెట్టింది. తమ్ముడు కారానికి ఉస్సు ఉస్సుమంటూనే పళ్లెం నాకాడు. పెద్దవాళ్లు ముగ్గురూ ఆ పూట నీళ్లు తాగి కూర్చున్నారు. వాళ్లు తినలేదు, ఆ సంగతి ఇవాళ మెతుకు నోట్లో పెట్టుకుంటుంటే కూడా గుర్తొస్తుంది. కానీ ఆ రాత్రి మా అమ్మ దేనికో ఖాలాతో కలిసి నవ్వింది. నెలల తర్వాత ఆ నవ్వు విన్నాను.

తెల్లారి అంగడికి ఇద్దరూ కలిసే పోయారు. వ్యాపారం చేసే ఇల్లు కాబట్టి ఖాలాకు ఒడుపు తెలుసు. బండ్లు అంగట్లోకి దిగకముందే ఊరి బయట ఎదురుపోయి, ఇద్దరి కొంగుల్లోని డబ్బులూ కలిపి ఒకేచోట బేరం చేసింది. కొన్ని శేర్లు ఎక్కువొచ్చాయి. అప్పటి నుంచి రెండిళ్లకూ ఒకే పొయ్యి, అందుకని కట్టెలు కూడా కలిసొచ్చాయి. అంత మాత్రాన కరువు పోయిందని చెప్పను, చెబితే అబద్ధం. ధర దిగలేదు, వాన రాలేదు. అంగడి ముందు రోజు సన్నటి అంబలితోనే గడిచేది. కానీ మా తమ్ముడు మళ్లీ మంచం పట్టలేదు. వాడిప్పుడు బల్మూర్‌లో మనవళ్లను ఎత్తుకుని తిరుగుతున్నాడు.

ఇంకొక సంగతి కూడా ఉంది, మా అవ్వ అసలు విద్య అదే. ఒకనాడు అందరం కూర్చుని అంబలి తాగుతుంటే వాడకట్టు చివరి ఇంట్లోంచి రొట్టెల చప్పుడు వచ్చింది. అవ్వ గిన్నె కింద పెట్టి చెవి అటు వేసింది. "ఉత్త పీట" అంది. నేను వెంటనే లేచి, అంబలి తీసుకుపోయి ఇస్తానన్నాను. అవ్వ నన్ను కూర్చోబెట్టింది. "ఇస్త అంటే తీస్కోరు. తలుపేస్కుంటరు. ఉత్త గిన్నె పట్టుకపో. మా ఇంట్ల ఉప్పు అయిపోయింది, జర ఇయ్యుర్రి అను. ముందుగాల మనది మనం చెప్పాలె. గప్పుడు వాళ్లది వాళ్లు చెప్తరు."

మా ఇంట్లో ఉప్పు బోలెడుంది. నేను ఉత్త గిన్నెతో పోయి అలాగే అడిగాను. ఆ ఇంటామె ఉప్పు పోస్తూ పోస్తూ గడపలోనే కూలబడి తన సంగతంతా చెప్పుకుంది. మర్నాటి నుంచి మా పొయ్యి దగ్గర ఇంకో ఇల్లు చేరింది.

ఇదంతా పోయిన శుక్రవారం మా కోడలు కిటికీ తెరిచి పోపు పెడుతుంటే గుర్తొచ్చింది. పై వాటాలో ఒక లారీ డ్రైవరు కుటుంబం ఉంటుంది. డ్రైవరు ఎప్పుడూ బండి మీదే ఉంటాడు. అతని భార్య మా కోడలికన్నా చిన్నది, ఇద్దరు చిన్నపిల్లల తల్లి. పైన కుక్కర్ కూత వేసినప్పుడల్లా మా కోడలు, "వాళ్లకేం అత్తమ్మా, రోజూ పప్పే" అంటుంది. నేను లేచి ఒక స్టీలు గిన్నె తీసుకున్నాను. ఎక్కడికని అడిగింది. పైకి పోయి పప్పు అడిగొస్తానన్నాను. కోడలు తలుపుకు అడ్డం నిలబడింది. "వద్దత్తమ్మా, నీ కాళ్లు మొక్కుత. ఇజ్జత్ పోతది" అంది. మా అవ్వ మాటే ఈ పిల్ల నోట్లోకి ఎలా వచ్చిందో.

పక్కకు జరగమని గట్టిగానే చెప్పి, కమ్మీ పట్టుకుని మెట్లెక్కాను. ఆ పిల్ల తలుపు తీసింది. "బిడ్డా, మా ఇంట్ల పప్పు అయిపోయింది. రేపటిదాంక లేదు. జర ఉంటె ఇయ్యి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఆ పిల్ల నా చేతిలో గిన్నెను చూస్తూ నిలబడింది. లోపల పిల్లలిద్దరూ పళ్లేల ముందు కూర్చుని ఉన్నారు. "పప్పు ఉంది అత్తమ్మా. నూనె అయిపోయి నాలుగు దినాలాయె" అంది నెమ్మదిగా. "ఉత్తగ ఉడకబెట్టి ఉప్పేసి పెడ్తున్న. కింద మీ పోపు వాసన రాంగనే పిల్లలు మెతుకు ముడ్తలేరు. కిందికి పోదాం, ఆడ మంచిగ వండుతున్నరు అని ఒకటే ఏడుపు."

 అక్కడే గడప మీద కూర్చున్నాను. సత్తు పళ్లెం ఒళ్లో పెట్టుకుని ఇంక కాలలేదా అని అడిగిన మా తమ్ముడు కళ్ల ముందుకొచ్చాడు. మా ఇంట్లో పప్పు లేదని ఎవరికి తెలియకూడదని మా కోడలు కిటికీ తెరిచిందో, ఆ వాసన వాళ్ల పిల్లల పళ్లేల మీదికే పోయిందని ఆమెకు తెలియదు. నేను మెట్ల మీంచి కిందికి కేకేశాను, పోపు గరిటె, నూనె గిన్నె పట్టుకుని పైకి రమ్మని. చాలాసేపు రాలేదు. తర్వాత కళ్లు తుడుచుకుంటూ వచ్చింది. ఆ రాత్రి వాళ్ల పప్పుకు మా పోపు పెట్టి, ఏడుగురం ఒక్కచోట తిన్నాం. నా కొడుకు వచ్చేసరికి వాడి వంతు గిన్నెలో మూతపెట్టి ఉంది.

రేపు శనివారం. మావాడు అదే జీతం తెస్తాడు. దుకాణమాయన ఇంకేదో పెరిగిందని చెబుతాడు. అది మా చేతిలో లేదు, ఎన్నడూ లేదు. మా అవ్వ నుంచి నాకు నగలు రాలేదు, చెలక కూడా మిగలలేదు. ఖాళీ గిన్నెను కొంగు చాటున దాచకుండా పట్టుకుని ఇంకొకరి గడపకు పోవడం ఒక్కటే వచ్చింది. ఆ రోజు ఖాలా వెనక నడిచినప్పుడు ఎంత సిగ్గేసిందో, మొన్న ఆ మెట్లెక్కేటప్పుడూ అంతే సిగ్గేసింది.